ఇంటి విద్యను అచ్చుకెక్కించిన సుబ్బరామ దీక్షితులు

తెలుగువాళ్ళ సభ ఏ దేశంలో జరిగినా, జ్యోతి ప్రజ్వలన అయ్యాక మొదట వినపడే పాట దాదాపు ఒకటే. వాతాపి గణపతిం. ఈ మహాసభల్లోనూ మీరు వినే ఉంటారు. మనలో చాలామందికి అది 1957లో వచ్చిన ‘వినాయక చవితి’ సినిమాలో ఘంటసాల గారు పాడిన పాట. అది ముత్తుస్వామి దీక్షితులు గారి కృతి అనీ, హంసధ్వని రాగమనీ తరవాత ఎప్పుడో తెలుస్తుంది.

ఒక శుక్రవారం పొద్దున్న సంగతి. బయట దుమ్ము తుఫాను. సాల్మియాలోని మా ఫ్లాట్‌లో కిటికీ సందుల్లో తడిగుడ్డలు కుక్కి కూర్చున్నాం. మా అమ్మాయికి ఆన్‌లైన్‌లో సంగీతం చెప్పే టీచర్ గారు ఆ వారం ఈ కీర్తన మొదలుపెడుతున్నారు. పిల్లకి ఒక మంచి రికార్డింగు వినిపిద్దామని వెతుకుతుంటే కొత్తది ఒకటి కనపడింది. పాత పుస్తకంలోని నొటేషన్‌కి కట్టుబడి పాడినది. పెట్టాను. పల్లవి అయింది. మనకి అలవాటైన సంగతులు, అవే మెట్టు మీద మెట్టుగా పైకి ఎక్కుతూ పోయేవి, రావడం లేదు. పాట నిదానంగా, నిరాడంబరంగా నడిచి ముగిసింది. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, పాట సగమే ఉందేమిటని అడిగింది. నాకూ అలాగే అనిపించింది. మూడోసారి విన్నాక గానీ అసలు విషయం తలకెక్కలేదు. సగం పోయిందని మేం అనుకున్నది నిజానికి తరవాత వచ్చి చేరినది. ముత్తుస్వామి దీక్షితులు 1835లో పోయారు. మనం వినే ఆ సంగతుల్లో చాలావాటిని ఆ తరవాత పుట్టిన మహావైద్యనాథయ్యర్ గారు (1844–1893) కూర్చారని సంగీతజ్ఞులు చెబుతారు. బాగున్నాయి కాబట్టే నిలిచాయి, అందులో తప్పు లేదు. కానీ అవి లేనప్పుడు ఆ పాట ఎలా ఉండేదో మనకి ఈనాడు ఎలా తెలిసింది?

ఒక మనిషి రాసిపెట్టారు కాబట్టి తెలిసింది. ఆయన పేరు సుబ్బరామ దీక్షితులు. పుస్తకం పేరు ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’. 1904లో, తమిళదేశంలో తిరునెల్వేలి వైపున్న ఎట్టయపురం సంస్థానంలో అచ్చయింది. రెండు సంపుటాలు, సుమారు 1700 పుటలు. భాష తెలుగు, లిపి తెలుగు. సంగీతం నేర్చుకున్న ఇళ్ళలో ఈ పేర్లు బాగా తెలిసినవే. నేను ఇంజనీరింగ్ చదివి సాఫ్ట్‌వేర్‌లో పడ్డవాణ్ణి, సంగీతంలో శ్రోతనే తప్ప విద్వాంసుణ్ణి కాను. అయినా ఆయన కథ చదివిన కొద్దీ, మా వృత్తివాళ్ళు తెలుసుకోవలసిన మనిషి అనిపించింది.

ముందు వంశం సంగతి చెప్పాలి, ఎందుకంటే ఈ కథంతా ఒక ఇంటి కథ. రామస్వామి దీక్షితులు (1735–1817) గొప్ప వాగ్గేయకారులు. మేళకర్త పద్ధతిని నిర్మించిన వేంకటమఖి సంప్రదాయం ఆ శిష్యపరంపర ద్వారానే ఈ ఇంటికి వచ్చింది. ఆయనకి ముగ్గురు కొడుకులు. పెద్దాయన మనందరికీ తెలిసిన ముత్తుస్వామి, రెండోవారు చిన్నస్వామి, మూడోవారు బాలస్వామి. ఈ బాలస్వామి గారికి మనం ఇంకో విధంగా రుణపడి ఉన్నాం. మద్రాసు దగ్గర మణలి జమీందారు ఆదరణలో ఉన్న రోజుల్లో ఆయన ఒక యూరోపియన్ దగ్గర ఫిడేలు నేర్చుకుని, దాని మీద మన సంగీతం వాయించారు. ఈరోజు ఫిడేలు లేని కచేరీ ఊహించలేం. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి దాకా సాగిన దారికి మొదటి అడుగులు వేసినవాళ్ళలో ఆయన ఒకరు.

బాలస్వామి గారు ఎట్టయపురం రాజుల ఆస్థానంలో స్థిరపడ్డారు. ఎట్టయపురం అంటే తమిళులకి ముందు గుర్తొచ్చేది కట్టబొమ్మన కథ. 1799లో ఎట్టప్ప ఇంగ్లీషువాళ్ళ పక్షాన నిలిచాడని, ఆ పేరు తమిళంలో ద్రోహికి మారుపేరైపోయింది. శివాజీ గణేశన్ సినిమా చూసినవాళ్ళకి చెప్పనక్కర్లేదు. కట్టబొమ్మనా, ఎట్టప్పలూ ఇద్దరూ తెలుగు మూలాలున్న పాలెగాళ్ళే. ఎట్టప్పల పూర్వీకులు చంద్రగిరి ప్రాంతం నుంచి వెళ్ళినవారంటారు. చరిత్రలో చెడ్డపేరు మోసిన ఆ ఇంటివాళ్ళే సంగీతానికి నీడనివ్వడం విచిత్రమే. ముత్తుస్వామి దీక్షితులు చివరి రోజుల్లో అక్కడికే వెళ్ళి, 1835 దీపావళినాడు అక్కడే కన్నుమూశారు. ఆయన సమాధి ఆ ఊళ్ళోనే ఉంది.

బాలస్వామి గారికి మగపిల్లలు లేరు. కూతురు అన్నపూర్ణికి 1839లో తిరువారూరులో పుట్టిన పిల్లవాడే మన సుబ్బరాముడు. అసలు పేరు బాలసుబ్రహ్మణ్యం. అయిదేళ్ళ వయసులో తాతగారు ఆ పిల్లవాణ్ణి ఎట్టయపురం తీసుకెళ్ళి దత్తత చేసుకున్నారు. ఒక్కసారి ఆలోచించండి. వేంకటమఖి నుంచి వచ్చిన లక్షణ గీతాలు, తానాలు, రామస్వామి గారి రచనలు, ముత్తుస్వామి గారి కీర్తనలు, ఇవన్నీ ఒక ముసలాయన బుర్రలోనూ కొన్ని తాళపత్రాల్లోనూ ఉన్నాయి. అందుకోవడానికి ఒక అయిదేళ్ళ పిల్లవాడు. మా ఆఫీసుల్లో కొన్ని పాత సిస్టంలు ఇలాగే ఉంటాయి. ఒకాయనకే తెలుసు, ఆయన సెలవు మీద ఇండియా వెళితే అందరికీ నిద్రపట్టదు.

తాత మనవడికి గాత్రం, వీణ చెప్పారు. తెలుగు, సంస్కృతం చదివించారు. పదిహేడేళ్ళ వయసులో కుర్రవాడు దర్బారు రాగంలో ఒక తానవర్ణం కట్టాడు. రాజుగారు విని మెచ్చుకున్నారు గానీ లోపల అనుమానపడ్డారు, ఇది తాత రాసి మనవడి పేరు పెట్టారేమోనని. వేరే రాగం ఇచ్చి, కొన్ని నియమాలు పెట్టి, జతిస్వరం కట్టమన్నారు. కుర్రవాడు నెగ్గాడు. ఇరవై ఏళ్ళు నిండేలోపే ఆస్థాన విద్వాంసుడయ్యాడు. ఇంచుమించు ఆ రోజుల్లోనే తాతగారు పోయారు.

ఆ తరవాత నలభై ఏళ్ళు పెద్ద సంఘటనలేమీ లేవు. రాజులు మారారు, దీక్షితులు గారు మారలేదు. వీణ వాయించారు, వర్ణాలు, కీర్తనలు, రాగమాలికలు కట్టారు, కొడుక్కి విద్య చెప్పారు. తంజావూరు, మద్రాసుల్లో కచేరీ విద్వాంసుల పేర్లు మోగిపోతుంటే ఈయన ఎట్టయపురంలో ఉండిపోయారు. అలాగే ఉండిపోయి ఉంటే ఈ వ్యాసం లేదు.

ఇప్పుడు కథలోకి ఇంకో మనిషి వస్తాడు. దానికి ముందు మా ఆఫీసు గురించి నాలుగు మాటలు చెప్పాలి. నా పక్క సీట్లో చాలాకాలం ఒక పోలండ్ దేశస్థుడు పనిచేశాడు. కారులో ఎప్పుడూ పాశ్చాత్య శాస్త్రీయ సంగీతమే. ఒకసారి గల్ఫ్ రోడ్డు మీద ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు మోష్కోవ్‌స్కీ అనే ఆయన పియానో కాన్సెర్టో వినిపించాడు. 1898 నాటిది. మోష్కోవ్‌స్కీ తన కాలంలో యూరప్ అంతా తెలిసినవాడు, చివరికి 1925లో పారిస్‌లో పేదరికంలో పోయాడు. లోకం మర్చిపోయింది. 1991లో ఇంగ్లండులో హైపీరియన్ అనే రికార్డు కంపెనీ, పంతొమ్మిదో శతాబ్దపు రొమాంటిక్ కాలంలో పుట్టి మరుగున పడ్డ పియానో కాన్సెర్టోలన్నీ వరసపెట్టి రికార్డు చేయడం మొదలుపెట్టింది. ఆ వరసలో మొదటి డిస్కు మోష్కోవ్‌స్కీ, పదేరెవ్‌స్కీలదే. ఎనభై డిస్కులు దాటాయి. మోష్కోవ్‌స్కీ కుర్రతనంలో, 1874లో రాసిన ఇంకో కాన్సెర్టో ఉంది. పోయిందనే అనుకున్నారు. రాతప్రతి దొరికి, 2010లలో మొట్టమొదటిసారి రికార్డయింది. వంద సంవత్సరాలకు పైగా ఎవరూ వాయించని సంగీతం, కాగితం మీద నుంచి లేచి వచ్చి మా కారులో కూర్చుంది.

నేను ఆ స్నేహితుణ్ణి మెచ్చుకోలుగా చూశాను గానీ లోపల అసూయే కలిగింది. మన సంగీతానికి ఇది సాధ్యమా? మనది గురుముఖతః వచ్చే విద్య. గురువు పోతే, శిష్యుడు సగం మర్చిపోతే, ఆ పాట పోయినట్టే. రామస్వామి దీక్షితుల 108 రాగతాళమాలిక, తెలుగు సాహిత్యంతో ఉన్న అంత పెద్ద రచన, మొత్తం మనకి దక్కలేదు. దాని మిగతా రాగాలు ఏ గ్రంథాలయంలో వెతికినా దొరుకుతాయన్న ఆశ నాకు లేదు.

నా బాధే, అదే కాలంలో, మద్రాసులో ఒక పెద్దమనిషికీ కలిగింది. ఆయన పేరు ఎ.ఎం. చిన్నస్వామి ముదలియార్. ఎం.ఏ. చదివారు, మద్రాసు సెక్రటేరియట్‌లో ఉద్యోగం, మతం చేత క్రైస్తవుడు. పాశ్చాత్య సంగీతం తెలిసినవాడు కాబట్టి స్టాఫ్ నొటేషన్ అనే అయిదు గీతల పద్ధతి శక్తి ఆయనకి తెలుసు. త్యాగరాజస్వామి 1847లో పోయారు, వారి శిష్యులు కూడా ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. మిగిలినవారి దగ్గర కూర్చుని, పాడించి, స్టాఫ్ నొటేషన్‌లో రాసి, అచ్చువేసి లోకానికి ఇవ్వాలని ఆయన పట్టుదల. 1890ల తొలి సంవత్సరాల్లో ‘యూరోపియన్ నొటేషన్‌లో ప్రాచ్య సంగీతం’ అనే అర్థం వచ్చే పేరుతో ఇంగ్లీషులో సంచికలు వెలువరించారు. వాలాజాపేట శిష్యుల పాఠంలో త్యాగరాజ కృతులు వేశారు. ఈ పనిలో ఆస్తీ, ఆరోగ్యమూ రెండూ కరిగించుకున్నారు. ఉద్యోగం చేసుకుంటూ, జీతం డబ్బు ఇందులో పోస్తూ, ఇంట్లోవాళ్ళకి ఏం చెప్పుకున్నారో! ఇలాంటి పనులు నెత్తికెత్తుకున్నవాళ్ళు మనలోనూ కొందరు ఉన్నారు కాబట్టి ఊహించుకోగలం.

త్యాగరాజ కృతులకు శిష్యులు చాలామంది ఉన్నారు. ముత్తుస్వామి దీక్షితుల కీర్తనలకు మాత్రం ముదలియార్‌కి ఒకే తలుపు కనపడింది, ఎట్టయపురం తలుపు. దీక్షితులు గారిని సంప్రదించారు. ఆయన మొదట వెనకాడారని చెబుతారు. మనం ఈరోజు కూర్చుని ఆయన్ని సంకుచితుడని అనడం సులువు. కానీ ఆ ఇంటికి పొలాలూ మేడలూ కాదు ఆస్తి, ఈ విద్యే ఆస్తి. ఫలానా రాగం లక్షణం దీక్షితుల ఇంట్లోనే తెలుస్తుంది అన్న మాట మీద వాళ్ళ గౌరవం, రాజుగారి దగ్గర స్థానం, కొడుకు భవిష్యత్తు ఆధారపడి ఉన్నాయి. అచ్చువేసి అందరికీ పంచాక ఆ ఇంటి గడప ఎవరు తొక్కుతారు? పైగా విద్య విషయంలో ఇంకో భయం ఉంది. కాగితం చూసి పాడేవాడు తప్పు పాడితే ఎవరు దిద్దుతారు? తప్పే నిలిచిపోతుంది, దాని కింద దీక్షితుల పేరు ఉంటుంది. మా వృత్తిలో కూడా చూశాను. తనకి మాత్రమే తెలిసిన పని రాసిపెట్టమంటే ఏ సీనియర్ ముఖమూ వికసించదు. కారణాలు సగం స్వార్థం, సగం నిజమైన భయం. రెండూ విడదీయలేం.

1899లో ఎట్టయపురంలో కొత్త రాజుగారి పట్టాభిషేకం జరిగింది. ముదలియార్ ఆ ఉత్సవానికి వెళ్ళి, సంస్థానమే పూనుకుని ఈ గ్రంథం రాయించి అచ్చువేయించాలని రాజుగారిని అర్థించారు. రాజుగారు ఒప్పుకున్నారు, దీక్షితులు గారిని ఆదేశించారు. అప్పటికి ఆయన వయసు అరవై. ప్రభువు ఆజ్ఞ కాబట్టి చేశారు అని ఒక్కమాటలో తేల్చేయవచ్చు. కానీ పుస్తకం తెరిచి చూస్తే అది మొక్కుబడి పని కాదని తెలుస్తుంది. ఆజ్ఞకు తలవంచినవాడు ఒక పాటకి స్వరం రాసి ఇస్తాడు. ఈయన, తను ఎదురుగా లేకపోయినా శిష్యుడు తప్పు పాడకుండా ఉండటానికి ఏమేం కావాలో అన్నీ రాశారు.

అసలు గొప్పతనం ఇక్కడే ఉంది, కొంచెం ఓపిక పట్టి చదవండి. స రి గ మ అని రాసేస్తే మన సంగీతం రాదు. పియానో మీట నొక్కినట్టు స్వరం మీద నిలబడితే అది తోడి కాదు, ఆనందభైరవి కాదు. స్వరం ఊగాలి, పక్క స్వరాన్ని తాకి రావాలి, ఒకచోట నుంచి ఇంకోచోటికి జారాలి. దీన్నే గమకం అంటారు. మామూలు సంగీతం పుస్తకాల్లో గమకం గుర్తులు ఉండవు, అది గురువు నోట వినాల్సిందే. దీక్షితులు గారు ఒక్కొక్క గమకానికి ఒక్కొక్క గుర్తు పెట్టారు. కంపితానికి అల లాంటి గీత. స్ఫురితానికి మూడు చుక్కలు. పైకి జారితే ఒకవైపు వాలు గీత, కిందికి జారితే రెండోవైపు వాలు గీత. నొక్కు, రవ, ఖండింపు, వళి, ఒదుక్కల్, ఒరిక, ఇలా వీణ మీద వేలు చేసే పనులన్నిటికీ అక్షరాల నెత్తిన చిన్న చిన్న గుర్తులు. వళి అంటే వీణ మీద ఒకే మెట్టు దగ్గర తీగను పక్కకి లాగి ఇంకో స్వరం పలికించడం. అది కళ్ళతో చూడాల్సిన పని. దాన్ని ఆయన ఒక చిన్న వంపు గీతలో పెట్టారు.

ఈ గుర్తులు మామూలు అచ్చుకూటంలో ఉండవు కదా! తెలుగు అక్షరాలకే ఒత్తులు, గుణింతాలతో నానా తంటాలు. దాని నెత్తిన కాలం చూపే అడ్డగీతలు, స్థాయి చూపే చుక్కలు, ఆపైన గమకం గుర్తులు. ఒకదాని మీద ఒకటిగా మూడు నాలుగు అంతస్తులు. ఎట్టయపురం సంస్థానానికి విద్యావిలాసిని అనే సొంత ముద్రణాలయం ఉండేది. ప్రత్యేకంగా ఈ గుర్తులకి అచ్చులు తయారుచేయించి, ఒక్కొక్క పుట చేత్తో కూర్చారు. 2000లలో యూనికోడ్ వచ్చిన కొత్తలో తెలుగు వత్తులు తెర మీద సరిగ్గా కనపడటానికే మాలాంటివాళ్ళు నెలల తరబడి కుస్తీ పట్టాం. వందేళ్ళ ముందు సీసం అక్షరాలతో ఆ పని 1700 పుటలు చేసిన అజ్ఞాత కంపోజిటర్లకి ఒక నమస్కారం.

పుస్తకంలో ఏముందో క్లుప్తంగా చెబుతాను. మొదట వాగ్గేయకార చరిత్రం, శార్ఙ్గదేవుడి కాలం నుంచి తన కాలం దాకా డెబ్బై మందికి పైగా జీవిత కథలు. త్యాగరాజు, శ్యామశాస్త్రి, తన ఇంటివాళ్ళు అందరూ ఉన్నారు. ఆ తరవాత 72 మేళాలు, వాటి జన్యరాగాలు. ప్రతి రాగానికీ లక్షణ శ్లోకం, దాని మీద తెలుగులో తన వివరణ, ఆపైన లక్షణ గీతం, తానం, కీర్తనలు, చివర తను స్వయంగా కట్టిన సంచారి. ముత్తుస్వామి దీక్షితుల కీర్తనలు 229 ఇందులో ఉన్నాయి. మన పిల్లలు నేర్చుకునే కనకాంగి, రత్నాంగి పేర్లు ఇందులో కనపడవు. ఇది వేంకటమఖి పరంపరలో వచ్చిన వేరే పేర్ల వరస. మన తోడి ఇక్కడ జనతోడి, మన కల్యాణి శాంతకల్యాణి, మన శంకరాభరణం ధీరశంకరాభరణం. మొదటిసారి చూసినవాళ్ళకి వేరే ఊరికి వచ్చామేమో అనిపిస్తుంది.

తమిళదేశంలో, తమిళం మాట్లాడే ఇంట్లో పుట్టిన ఆయన దీన్ని తెలుగులో ఎందుకు రాశారని మా స్నేహితులు అడుగుతూ ఉంటారు. తంజావూరు నాయకరాజుల నుంచి మరాఠాల దాకా సంగీతానికి పలుకు తెలుగే. కావేరి నుంచి తిరునెల్వేలి దాకా విద్వాంసుడైనవాడికి తెలుగు చదవడం రావాలి. ఆయన దృష్టిలో తెలుగులో రాయడమంటే అందరికీ అందేలా రాయడం. కాలం మారుతుందని, తన ఊరివాళ్ళకే ఆ లిపి అందకుండా పోతుందని, లిపి చదవగల మనం దాన్ని తెరవకుండా ఉంటామని ఆయన ఎలా ఊహిస్తారు?

ముదలియార్ గారు పుస్తకం పూర్తిగా అచ్చవడం చూడకుండానే పోయారు. దీక్షితులు గారు 1904లో ప్రదర్శినిని చూశారు, 1905లో పిల్లల కోసం ‘ప్రథమాభ్యాస పుస్తకము’ కూడా తెచ్చారు, 1906లో వెళ్ళిపోయారు. ఆ ఎట్టయపురంలోనే 1882లో పుట్టిన మహాకవి సుబ్రహ్మణ్య భారతి ఆయన మరణానికి దుఃఖిస్తూ పద్యాలు రాశారు. రాజులనీ జమీందార్లనీ అంత సులువుగా మెచ్చే కవి కాదాయన. అందుకే ఈ సంగతి నాకు విలువైనదిగా తోచింది.

కొడుకు అంబి దీక్షితులు (1863–1936) చివరి రోజుల్లో మద్రాసు చేరి విద్య చెప్పారు. తరవాత సుప్రీం కోర్టు న్యాయమూర్తి అయిన టి.ఎల్. వెంకటరామయ్యర్ గారు ఆయన దగ్గర నేర్చుకుని, డి.కె. పట్టమ్మాళ్ గారి వంటి వారికి చెప్పారు. అలా గొంతు నుంచి గొంతుకి ఒక దారి నడిచింది. పుస్తకం దారి వేరు. 1961 నుంచి 1983 వరకు మద్రాసు మ్యూజిక్ అకాడమీ దాన్ని అయిదు భాగాలుగా తమిళ లిపిలో తెచ్చింది. తెలుగులో 1970లలో ఆంధ్రప్రదేశ్ సంగీత నాటక అకాడమీ పునర్ముద్రించింది. ఆపైన కెనడాలో గణితం ఆచార్యులుగా పనిచేసిన పి.పి. నారాయణస్వామి గారు, విద్యా జయరామన్ గారు కలిసి ఆ గుర్తులన్నిటితో సహా ఇంగ్లీషు లిపిలో కూర్చి, ఉచితంగా ఇంటర్నెట్‌లో పెట్టారు. అదీ మన సముద్రాల ఇవతలి మనుషులు చేసిన పనే.

అక్కడి నుంచి రికార్డింగులు మొదలయ్యాయి. నొట్టుస్వరాలని ముత్తుస్వామి దీక్షితులు కట్టిన చిన్న పాటలున్నాయి, మద్రాసు కోటలో బ్యాండు వాయించే ఇంగ్లీషు, ఐరిష్ వరసలకి సంస్కృత సాహిత్యం. ఇంగ్లండు రాజుగారి గీతం వరస కూడా అందులో ఉంది. వీటిని కచేరీ విద్వాంసులు చాలాకాలం పిల్లల పాటలుగా పక్కన పెట్టేశారు. 2008లో అమెరికాలోని సిన్సినాటిలో కన్నికేశ్వరన్ గారు మొత్తం 39 పాటలనూ అక్కడి మన పిల్లల గొంతులతో రికార్డు చేశారు. తరవాతి సంవత్సరాల్లో టి.ఎం. కృష్ణ గారి వంటి గాయకులు ప్రదర్శినిలోని కీర్తనల్ని ఆ నొటేషన్ చూసి, తమకి అలవాటైన పాఠాన్ని పక్కనపెట్టి పాడారు. అందరూ ఒప్పుకోలేదు. గురువు చెప్పిన పాఠమే ప్రమాణం, కాగితం కాదు అనేవాళ్ళున్నారు. ఆ మాటలోనూ న్యాయం ఉంది. నాకైతే రెండూ కావాలి. ఘంటసాల గారి వాతాపిని నేను వదులుకోలేను.

ఇదంతా నాకెందుకు అంత పట్టిందో చెప్పాలి. మా నాన్న కూడా కువైట్‌లోనే పనిచేశారు, 1990 దండయాత్ర దాకా. అంతకు రెండేళ్ళ ముందు సెలవుకొచ్చినప్పుడు ఒక టేప్ రికార్డర్ తెచ్చారు. కోనసీమలో మా వీధికంతటికీ అదొక వింత. మా అమ్మమ్మకి మంగళహారతులు, మేలుకొలుపులు, తలుపు దగ్గర పాటలు లెక్కలేనన్ని వచ్చు. నాన్న ఆవిడని కూర్చోబెట్టి ఒక క్యాసెట్ నిండా పాడించారు. ఆగస్టులో యుద్ధం వచ్చి, నాన్న అమ్మాన్ మీదుగా విమానంలో చేతిసంచితో ఇల్లు చేరారు. కొత్త క్యాసెట్లు కొనే రోజులు పోయాయి. 1992లో ‘రోజా’ పాటలు రేడియోలో వస్తుంటే, పన్నెండేళ్ళవాణ్ణి, చేతికందిన క్యాసెట్ పెట్టి రికార్డు మీట నొక్కాను. అమ్మమ్మ అప్పటికి లేదు. నాన్న నన్ను ఏమీ అనలేదు. అన్నా బాగుండేది.

కువైట్‌లో మనం రోజూ చూసే ఈ సముద్రం మీద ఒకప్పుడు ముత్యాల పడవలు తిరిగేవి. ప్రతి పెద్ద పడవ మీదా పాడటమే పనిగా ఒక గాయకుడు ఉండేవాడు, నహ్హామ్ అంటారు. తెడ్డు వేసేటప్పుడు ఒక పాట, తెరచాప ఎత్తేటప్పుడు ఒక పాట. జపాన్ కృత్రిమ ముత్యాలు వచ్చి, 1938లో బుర్గాన్‌లో చమురు పడి, పడవలు ఒడ్డెక్కాయి. ఆ పాటలు ఇంకా వినపడుతున్నాయంటే, కొన్ని బృందాలు పట్టువదలకపోవడం, కొంత టేపుల మీదికి ఎక్కడం కారణం. పడవలే లేనప్పుడు ఆ పాట ఎవరికని అడగవచ్చు. ఎట్టయపురం సంస్థానమూ లేదు, జమీందారీల రద్దుతో పోయింది. పుస్తకం మాత్రం ఉంది.

మా అమ్మాయికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం అంతంతమాత్రం. ఆ పాత తెలుగు పుటలు రెండు ప్రింటు తీసి ఇచ్చాను. స, రి, గ, ప, ని, హంసధ్వనికి అయిదు అక్షరాలు చాలు కదా! అవి పట్టుకుంది. తరవాత సాహిత్యం కోసం మిగతావి ఒక్కొక్కటే కూడబలుక్కుంటోంది. ఇప్పుడు శుక్రవారం పొద్దున్న టీచర్ గారి పాఠం అయ్యాక, ఆ పుట ముందు పెట్టుకుని కూర్చుంటుంది. నొక్కు గుర్తు దగ్గర ఆగి, ఇది ఎలా పలకాలి నాన్నా అని అడుగుతుంది. నాకు తెలియదు. ఇద్దరం కలిసి రికార్డింగు కొంచెం వెనక్కి తిప్పి, మళ్ళీ వింటాం.